రెండేళ్లు అటూ ఇటూ

ప్రియమైన అక్కకి,

ఫోన్లో నేనొకటంటే నీకు ఇంకొకటి వినపడుతోంది కాబట్టి ఉత్తరమే మేలు. మొత్తానికి ఆ రాయి మా ల్యాబుకి వచ్చింది. అంగారకుడి మీంచి ఎగిరొచ్చి మన భూమ్మీద పడ్డ రాయి. తీరా చూస్తే బఠాణీ గింజంత! దాన్ని పొడి చేసి, మైక్రోస్కోపు కింద పట్టకారుతో కంటికి ఆనని పలుకులు ఏరేది నీ తమ్ముడే. ఆ పలుకుల్లో యురేనియం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది కొంచెం కొంచెంగా సీసంగా మారుతుంది. పలుకుల్ని గిన్నెలో ఆసిడ్ పోసి కరిగించి, ఎంత మారిందో కొలిస్తే రాయి వయసు తెలిసిపోతుంది.

నా రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలు. ఈలోగా దీని వయసు తేలితే చాలు, నాకింకేం అక్కర్లేదు. ‘బాబాయ్, అరవై వచ్చేస్తున్నాయిగా’ అని అందరూ ఆటపట్టిస్తున్నారని తలకీ, కనుబొమ్మలకీ రంగేశాను. నవ్వకు.

నీ తమ్ముడు

ఒరేయ్ బుజ్జిగా,

నవ్వకుండా ఎలా ఉంటానురా? కుట్టుమిషను ఆపి మరీ నవ్వాను. పెళ్లిచూపులకేమైనా వెళ్తున్నావా ఈ వయసులో? అయినా నీకు అరవై ఏమిట్రా... సరేలే, ఆ మాట వదిలెయ్. రాళ్ల వయసు బయటపెట్టేవాడివి, నీ వయసు దాచుకోవడమేమిటి? రాయి సంగతి తేలగానే రాయి.

ఎదురుచూస్తూ, అక్క

ప్రియమైన అక్కకి,

రెండు నెలలు రాయలేదని కోప్పడకు. మనసేం బాగోలేదు. కొలిచిన ప్రతిసారీ రాయి వయసు ఒక్కో రకంగా వస్తోంది. చివరికి మా మేడం, రాయి లేకుండా ఉత్త నీళ్లతో, ఆసిడ్‌తో మొత్తం పని చేసి చూడమంది. రాయే లేనప్పుడు సీసం రాకూడదు కదా. వచ్చింది! అంటే ఎక్కణ్ణించో బయటి సీసం పడుతోందన్నమాట. గిన్నెలు సరిగ్గా కడగలేదని, ఎనిమిదేళ్లుగా నాతో పనిచేస్తున్న ఆవిడని తీసేస్తామంటున్నారు. ‘మూడుసార్లు కడిగాను బాబాయ్, ఒట్టు’ అని ఏడ్చింది.

ఇవాళ పొద్దున రంగేసుకోబోతూ సీసా మీది చిన్న అక్షరాలు చదివాను. సీసాలో సీసం ఉందక్కా! తలకి టోపీ పెట్టుకుంటాం, చేతులకి తొడుగులేసుకుంటాం. కనుబొమ్మలకి ఏం పెడతాం? అవి తిన్నగా గిన్నె మీదికే వంగుతాయి.

ఇంకొక్కసారికి సరిపడా పలుకులే మిగిలాయి. చెబితే వాటిని నా చేతికివ్వరు, ముప్పై ఎనిమిదేళ్ల పరువు మంటగలుస్తుంది. చెప్పకపోతే ఆవిడ పని పోతుంది. చిన్నప్పట్నుంచీ నేను మొద్దునే. పదో తరగతి గట్టెక్కలేదు, వెళ్లిపోయే ముందు ఇక్కడా ఆ మాటే అనిపించుకోవాలా? ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు

బుజ్జిగా,

ఈ ఉత్తరం అందిన పూటే వెళ్లి చెప్పెయ్. లోపల పెట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. యాభై అయిదేళ్లుగా నేనూ ఒకటి పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మ పనికి పోవాలి, నిన్ను చూసుకోవడానికి నన్ను బడి మానమంది. నాకప్పుడు పదేళ్లు. మానడం నా వల్ల కాలేదురా. నిన్ను తీసుకెళ్లి, వీడికి అయిదు నిండాయని చెప్పి ఒకటో తరగతిలో కూర్చోబెట్టాను. నీకు మూడేళ్లు. పుట్టిన తేదీ నోటికొచ్చింది చెప్పాను. తర్వాత అమ్మకి తెలిసి, ‘పోనీ, అలాగే ఉండనీ’ అంది. మళ్లీ ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. పలక పట్టడం రాక నువ్వు దెబ్బలు తింటుంటే కిటికీలోంచి చూస్తూ నోరు మూసుకున్నాను.

నువ్వు మొద్దువి కాదురా. పెద్దపిల్లల మధ్య కూర్చున్న పసివాడివి. నీకు రాబోయేది అరవై కాదు, యాభై ఎనిమిది. తిట్టాలనుంటే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ పాపిష్టి అక్క

ప్రియమైన అక్కకి,

చెప్పేశాను, అందరి ముందూ. మేడం నా కనుబొమ్మలకేసి చూసి ఫక్కున నవ్వింది. ఆ తర్వాత చెడామడా తిట్టిందనుకో. గుండు చేయించుకున్నాను, కనుబొమ్మలు కూడా గీయించేశాను. చూస్తే జడుసుకుంటావు. మళ్లీ రాయి లేకుండా చేసి చూస్తే సీసం లేదు. ఆవిడ పనికి ఢోకా లేదు.

మిగిలిన పలుకులు నా చేతికివ్వలేదు. తలుపు బయటే నిలబడ్డాను. చివరికి అద్దంలోంచి మేడం వేళ్లతో చూపించింది, ముందు నాలుగు, తర్వాత ఏడు. నలభై ఏడు కోట్ల ఏళ్లు! అక్కడే నిలబడి ఏడ్చేశాను.

నీ ఉత్తరం చదివాక వారం రోజులు నీ మీద చెప్పలేనంత కోపం. మొద్దునని ఎంతమంది దగ్గర తలొంచుకున్నానో! మెల్లగా చల్లబడ్డాను. రాయి వయసు పక్కన మేం ‘కోటి ఏళ్లు అటూ ఇటూ’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. నువ్వు రెండేళ్లకి ఇంతకాలం కుమిలిపోయావు. పదేళ్ల పిల్లవి, చదువుకోవాలనుకున్నావు, అంతేగా.

కాగితాల్లో ఇప్పుడు మార్చడం కుదరదట. వచ్చే నెల రిటైరై నీ దగ్గరికే వస్తున్నాను. ఒక్కటి మాత్రం చెప్పు. బడి చాలా దూరం కదా. ఒకటో తరగతిలో నేను ఆ దారిలో నడిచినట్టు గుర్తే లేదు. రోజూ నన్ను ఎత్తుకుని వెళ్లేదానివా?

నీ తమ్ముడు