గాలివైపు పలక

గేర్త్యే తల్లికి నాన్న దీవెనలు. హేగ్ క్షేమంగా చేరాను, కంగారు పడకు.

మీ అన్న క్రైన్ గీసిన బొమ్మ ప్రదర్శనలో చూశానమ్మా! గోడ సగం సముద్రమే! నా ఆనందం ఈ కార్డులో పట్టదు. కానీ సిగ్గుమాలిన పని చేశాను. బొమ్మలో, పడవ పక్కకి కొట్టుకుపోకుండా దించే పక్కపలక, గాలి కొట్టే వైపుది, నీళ్లలో దిగి ఉంది. పడవ తిప్పగానే మనం దాన్ని ఎత్తేసి అవతలిది దించుతాం కదా. అంతమంది జనంలో నోరు జారాను. "ఒరేయ్, కాట్‌వైక్ జాలరి కొడుకువై ఉండి ఏ పలక దించాలో తెలీదా? బొమ్మలతో పాటు బుర్ర కూడా అమ్మేశావా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడి మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "నాన్నా, అది మన పడవే. నాకప్పుడు ఆరేళ్లు. నేను నీళ్లలోకి జారుతుంటే పలక ఎత్తుతున్న తాడు వదిలేసి నన్ను పట్టుకున్నావు. చూడు, ఆ చెయ్యి నీదే."

చూశాను తల్లీ. మీ ఆరీ బాబాయి రెండు చేతులా చుక్కానికే వేలాడుతున్నాడు, పలక తాడు వాడి దగ్గర లేనే లేదు. ఆ రోజు పడవ ఒరిగి వలలు పోతే, పలక మరిచింది ఆరీయేనని ఊరంతా చెప్పింది నేనే. ఇన్నేళ్లూ ఆ మాటతోనే వాణ్ణి ఏడిపించాను.

మేక ఈనిందా? అన్నకి ఎండుచేపలు ఓ దండ పంపు. ముందు మాత్రం ఆరీ బాబాయి ఇంటికెళ్లి ఈ కార్డు చదువు. లోపల కాదు, వాకిట్లో నిలబడి, నలుగురూ వినేలా గట్టిగా.

మీ నాన్న