సిపాయి పెండ్లాం చదువు

జనగామ,
నర్సింగ్ హాస్టల్

అత్తమ్మకు,

నీ కోడలు సంగీత దండం పెట్టి రాస్తున్నది. నీకు చదువు రాదు గనుక నా మరిది భద్రే చదివి వినిపించాలె. అరే భద్రూ, ఒక్క ముక్క మింగకుండ చదువు. నీ సంగతి వచ్చినకాడ గొంతు తగ్గించకు.

నేను చెప్పకుండ తండా ఇడిసి ఎందుకొచ్చిన్నో నెల్లికుదురు అంగట్ల అందరు ముచ్చట పెడుతున్నరట. మొగడు పోయినంక సోకులు నేర్చిందట. ఓయమ్మో, ఏం నోర్లు! సరిహద్దుల మంచు కింద పడి పోయిన నీ కొడుకు బలరాంను పెట్టెల తెచ్చిననాడు ముందట నిలవడి ఫోటోలు దిగినోళ్లే గద వీళ్లు. నేను సిపాయి పెండ్లాన్నని మిలిటరోళ్లు నా చదువుకు ఫీజు కడుతున్నరు. మల్ల పెండ్లి చేసుకుంటె ఆపుతరు. గీ మాట మొదటి దినమే అందరికి చెప్పిన.

అయినా మన తండా పెద్ద జాల్యా నాయక్ ఏమన్నడు? "మరిది చీర పెట్టి వదినను ఏలుకుంటె గది పెండ్లెట్లయితది? ఇంటి మనిషి ఇంట్లనే ఉండుడు. మిలిటరోళ్లకు గిదంత ఎందుకు?" అన్నడు. ఏటేటా 'నేను మల్ల పెండ్లి చేసుకోలే' అని సంతకం పెట్టేది నేను అత్తమ్మా, ఆయన గాదు. కాలేజీల బలరాం పెండ్లాన్ని, తండాల భద్రు పెండ్లాన్ని అయి బతకాల్నా? నువ్వు గక్కడనే కూసున్నవ్. కొంగు సదురుకున్నవ్ గని నోరిప్పలే. జాల్యా నాయక్ మీద నాకు కోపం లేదు. నీ మీదనే ఉన్నది.

చిన్నగున్నప్పుడు భద్రుకు పేన్లు తీసిన, బువ్వ కట్టి బడికి తోలిన. జరమొస్తె ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. గసొంటోడు చీర పట్టుకొని ముందట నిలవడితె నేనెట్ల తీసుకుంట? వానికి గూడ ఇష్టం లేదు. నేను చీర ముట్టలే, తెల్లారి బస్సెక్కిన. పదోతరగతిల ఆగిపోయిన నన్ను ఇంటర్ చదివించింది నీ బలరామే. ఆయన ఉంటె గీ పంచాయితి ఉంటుండెనా?

చీర మాట ఎత్తకుంటె వస్త. ఎత్తితె రాను. నన్ను ఇడిసిపెట్టినా సరే.

బలరాం భార్య,
సంగీత


తండా

బిడ్డా సంగీతా,

మీ అత్త తుల్సీబాయి చెప్తుంటె భద్రు రాస్తున్నడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్న. మొదటిసారి నిన్ను మస్తు తిట్టిన. నా కొడుకు పానం పోతె నీకు చదువొచ్చింది, నాకేమొచ్చింది? వాడు నాకు మిగిల్చింది నిన్నొక్కదాన్నే. నువ్వు గూడ పోతె వాని పేరెత్తి నాతోని ఏడ్చేటందుకు ఎవలున్నరు? గందుకే నోరు మూసుకొని కూసున్న. భద్రు కోసం గాదు, నిన్ను ఆపుకుందామని. రెండోసారి చదువుకుంట పేన్ల ముచ్చట కాడ భద్రు ఆగిండు. ఇగ చదవలేకపోయిండు.

నిన్న నేనే పంచాయితి పెట్టించిన. సంగీత ఇగ నా కోడలు గాదు, నా బిడ్డ అని చెప్పి అందరికి బెల్లం పంచిన. తమ్ముడు అక్కకు గా ఏలుకునే చీర ఎట్ల పెడ్తడో చెప్పుండ్రి అన్న. గప్పుడు జాల్యా నాయక్ అన్నడు, "బిడ్డ అంటివి గద, అయితె ఇగ మన తండాల బలరాంకు పెండ్లాం లేదు. వాని దినానికి ఆమె పెండ్లాం లెక్క ముందట కూసునేది లేదు, చెల్లె లెక్క ఎనక నిలవడాలె" అని. నేను సరే అన్న. నిన్ను అడగలే. అడిగితె ఒప్పుకోవని తెలుసు.

మిలిటరీ కాయితాలల్ల నువ్వు వాని పెండ్లానివే, దాన్ని ఎవడు తీస్తడు? తండాలనే కావు. ఇగ అత్తమ్మ అనకు, మన భాషల అమ్మను పిలిచినట్టు యాడీ అను. లేకుంటె వీళ్లు మల్ల మొదటికొస్తరు. నన్ను తిట్టుకుంటె తిట్టుకో గని చదువు ఆపకు.

తుల్సీబాయి వేలిముద్ర

వదినా, గీ కింద రాసేది నేను, భద్రును. ఇగ నిన్ను అక్క అనాలెనట, గీ ఒక్కసారికి వదినా అని రాస్తున్న. అన్న పక్కన నువ్వున్న పెండ్లి ఫోటోను యాడి గోడ మీదికెల్లి తీసి, ఏడ్చుకుంట పెట్టెల పెట్టింది. ఇంటికొచ్చినప్పుడు దాని కోసం ఎతకకు.