కత్తిరించిన సాక్ష్యం

జనవరి 26, ఆదివారం

క్రిస్మస్‌కి యూత్ పిల్లలు ఈ డైరీ ఇచ్చారు. యువరాజ్ అన్నా, దీంట్లో పరిశుద్ధమైనవే రాయాల అని నవ్వారు. ఆ లెక్కన ఏడాదంతా తెల్లకాగితమే. ఇరవై ఐదు పేజీలు అట్లాగే పోయాయి.

ఈరోజు మాత్రం రాయాలి. ఆరాధనలో రూప సాక్ష్యం చెప్పింది. జమ్మలమడుగు అవతల పల్లె అమ్మాయి, ఇరవై రెండేళ్ళు. గొర్రెలు మేపుకునే ఇల్లు. రోజూ బస్సులో ప్రొద్దుటూరు వచ్చి బాలకృష్ణయ్య గారి బట్టల షాపులో చీరలు చూపిస్తుంది. చిన్నప్పటి నుంచి ఫిట్స్. మా చర్చికి వస్తున్న ఈ పది నెలల్లో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. మైకు పట్టుకొని వణికింది, తర్వాత నవ్వింది, తర్వాత ఆపితే కదా. నేను ఫోన్‌లో వీడియో తీస్తూ ఏడ్చా. ఐదేళ్ళ యూత్ పాస్టర్ పనిలో ఇట్లాంటి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వాళ్ళమ్మ చెన్నమ్మ వెనక చాప మీద కూర్చొని కూతురి నోటి వైపే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ నాయన తిరుపాల్ రాడు. ఫిట్స్ పోతాంటే ఏ దేవుడైతే ఏంది, పోనీ అన్నాడట.

జనవరి 28, మంగళవారం

హైదరాబాద్ మిషన్ ఆఫీసు వాళ్ళు మూడు నిమిషాలు దాటితే వీడియో తీసుకోరు. రూపది ఏడు నిమిషాలు. కూర్చొని కత్తిరించా. షాపు సంగతి పోయింది, బస్సు సంగతి పోయింది. ఒకచోట, మాయమ్మ పొద్దున్నే రొట్టెతో పాటు మాత్ర కూడా నా చేతిలో పెడ్తాది, డాక్టరు మానొద్దన్యాడు, అది మింగి ప్రార్థన చేసుకొని బస్సెక్కుతా అంటుంది. అక్కడ కొంచెంసేపు ఆగా. మాత్రల మాట ఉంటే సాక్ష్యం పలచబడుతుంది. చూసేవాళ్ళు ఓహో మందులతో తగ్గిందిలే అనుకుంటారు.

తీసేశా. పదకొండు సెకన్లు. అబద్ధం ఏమీ కలపలేదు కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రొజెక్టర్ మీద వేశాం. హాలంతా చప్పట్లు, హల్లెలూయలు. రూప తనని తాను తెర మీద చూసుకొని తల దించుకుంది. సిగ్గు అనుకున్నా. మా పెద్ద పాస్టర్ గారిని అందరం అయ్యగారు అంటాం. ఆయన నా భుజం తట్టి, ఆ పాపను మిషన్ టీంలో తీసుకోప్పా, పల్లెల్లో ఇట్లాంటి సాక్ష్యమే కావాల అన్నారు.

భుజం తడితే ఇంత పొంగిపోతానని నాకు ఈరోజే తెలిసింది.

ఫిబ్రవరి 15, శనివారం

పులివెందుల పోయాం. తుమ్మలపల్లె దారిలో ఒక పల్లెలో మీటింగు. యురేనియం మైను పనికి పోయొచ్చిన మగవాళ్ళు, శనగ చేల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, ఒక అరవై మంది. రూప లేచి చెప్పింది. వీడియోలో ఎట్లుందో అట్లే. సరిగ్గా మూడు నిమిషాలు. నేను ఎక్కడ కత్తిరించానో అక్కడే తనూ దాటేసింది.

గమనించా. బాగా నేర్చుకుందే అనుకున్నా.

ఫిబ్రవరి 18, మంగళవారం

రూప వాట్సాప్ చేసింది. అన్నా, సాక్ష్యంలో మాత్రల మాట లేదు కదా, మరి నేను ఇంకా వేసుకుంటాంటే సాక్ష్యం అబద్ధం అయితాదా అని. నలభై రోజుల ఉపవాస ప్రార్థనల కరపత్రం ప్రూఫ్ చేతిలో ఉంది, ప్రెస్ వాడు నిలబడి ఉన్నాడు. ప్రార్థన చేసి చెప్తానమ్మా అని పెట్టా.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి సెలవు. యూత్ మీటింగుకి డెబ్బై మంది. సగం విశ్వాసం గురించి మాట్లాడా. నోటితో దేవుడంటావు, జేబులో వేరే ఆధారం పెట్టుకుంటావు, దాన్ని విశ్వాసమంటారా అని అరిచా. నేను అరిస్తే పిల్లలకు ఇష్టం. రూప ముందు వరసలో నోట్స్ రాసుకుంటూ ఉంది.

గొంతు పోయింది. ఇంటికొస్తే భారతి మిరియాల పాలు ఇచ్చింది.

మార్చి 5, బుధవారం

నలభై రోజులు మొదలు. భారతి డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ, ఫిట్స్ ఉన్న ఆ పాప కూడా ఉపవాసం ఉందా, మాత్రలు సరిగా వేసుకుంటాందా అని అడిగింది. నా భార్య స్టాఫ్ నర్సు. ఇట్లాంటివి ఊరికే అడగదు. వాళ్ళమ్మ చూసుకుంటుందిలే అన్నా.

రూపకి జవాబు ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. రేపు చెప్దామనుకున్నా.

మార్చి 17, సోమవారం, ఉదయం 11:20

బాలకృష్ణయ్య గారు ఫోన్ చేశారు. రూప షాపులో పడిపోయిందట. ఒకటి ఆగకముందే ఇంకొకటి వస్తాందప్పా, రా అన్నారు. పోతున్నా.

మధ్యాహ్నం 1:10

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఫిట్స్ ఆగలేదు. కడపకి తెచ్చారు. అంబులెన్సులో చెన్నమ్మ ఎక్కింది. నేను వెనక బైకు మీద వచ్చా. కమలాపురం దాటేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నా. ఏం అడిగానో గుర్తులేదు.

4:45

రూప లేదు.

మార్చి 18, మంగళవారం

వాళ్ళ చేని పక్కనే పూడ్చారు. తిరుపాల్ దూరంగా మంద దగ్గర నుంచి వచ్చాడు, కాళ్ళకు దుమ్ము. మేం పాటల పుస్తకాలు తీస్తే చేయి అడ్డం పెట్టాడు. పాటలొద్దు సామీ, శానా పాడినారు, ఇంగ సాలు అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అయ్యగారు కారు దగ్గర నిలబడి ప్రార్థించారు. నేను కళ్ళు మూసుకోలేదు. మూస్తే ఆ మెసేజ్ కనపడుతోంది.

మార్చి 20, గురువారం

భారతికి చెప్పేశా. వీడియో, మెసేజ్, శివరాత్రి నాడు నా అరుపులు, అన్నీ. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తను చెప్పింది. గట్టిగా కూడా కాదు, కొత్త నర్సులకు చెప్పినట్టు చెప్పింది. తర్వాత, నన్ను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదా అంది.

అదే. ఇంట్లోనే ఉంది. ఆరోజు పక్కనే కూర్చొని అన్నం తింటోంది. నాకు అడగాలనిపించలేదు, ఎందుకంటే అడిగితే ఏం చెప్తుందో నాకు తెలుసు.

మార్చి 23, ఆదివారం

రూప జ్ఞాపకార్థం వీడియో వేయమన్నారు అయ్యగారు. ప్రభువు తన బిడ్డను పిలుచుకున్నాడు, ఆమె సాక్ష్యం మాత్రం బతికే ఉంటుంది అన్నారు. లాప్‌టాప్ దగ్గర నేనే ఉన్నా. వేశా. హాలంతా ఏడ్చారు. నేను వేయకుండా ఉండొచ్చు. కరెంటు లేదనొచ్చు, ఫైల్ దొరకలేదనొచ్చు. వేశా.

అసహ్యమేసింది. ఎవరి మీదనో రాయక్కర్లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం, ఈస్టర్

చెన్నమ్మ వచ్చింది. నాకు బాప్తిస్మం ఇయ్యండి సామీ, నా బిడ్డ ఆడుంటే నేనూ ఆడికి పోవాల అని అయ్యగారిని అడిగింది. మే నాలుగున ఇద్దాం, ఈలోగా యువరాజ్ వచ్చి పాఠాలు చెప్తాడు అన్నారు ఆయన.

నేను చెప్పాలంట. ఆమెకి.

ఏప్రిల్ 30, బుధవారం

పది రోజులు తప్పించుకున్నా. జ్వరమన్నా, బైకు బాగాలేదన్నా. ఈరోజు పోయా. చెప్పకుండా ఆమెను నీళ్ళలో దించితే ఆ నీళ్ళలో నేనే మునిగిపోవాలి.

చెన్నమ్మ వాకిట్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. తల్లి దగ్గరికి రానీయడం లేదంట. కూర్చోమంది. బైబిలు తెరవలేదు. అమ్మా, రూప నన్నొక మాట అడిగింది అని మొదలుపెట్టా.

నాకు తెలుసప్పా అంది. రూప ఫోన్ ఆమె దగ్గరే ఉంది. షాపులో రూపతో పనిచేసే నాగలత పలకరించడానికి వచ్చినప్పుడు మెసేజ్‌లన్నీ సదివి చెప్పిందట. నలభై దినాలైంది, నువ్వు ఎప్పుడొచ్చి చెప్తావా అని సూస్తాండా అంది. గొర్రెపిల్ల వైపే చూస్తూ, ప్రార్థన చేసి చెప్తానన్యావంట కదా, చేసినావా మరి అని అడిగింది.

లేదమ్మా అన్నా.

ఆమె తల ఊపింది. ఏదో అంచనా వేసుకున్నది సరిపోయినట్టు. లోపలికి పోయి చేతిరుమాలు మూట తెచ్చింది. రూప టిఫిన్ సంచి అడుగున దొరికిందట. మాత్రలు. పొద్దున్నే నేను చేతిలో పెడ్తే, బస్సులో మింగుతాలేమ్మా అంటాండె, నేను నమ్మితి అంది. లెక్కపెట్టా. పందొమ్మిది. చనిపోయిన రోజు నుంచి వెనక్కి లెక్కేస్తే ఫిబ్రవరి ఇరవై ఏడు. శివరాత్రి మరుసటి రోజు.

అంటే మెసేజ్ పెట్టాక తొమ్మిది రోజులు మాత్రలు వేసుకుంటూనే నా జవాబు కోసం చూసింది. జవాబు రాలేదు, నా ప్రసంగం వచ్చింది. ఆ అమ్మాయి దాన్నే జవాబు అనుకుంది. అనుకోదా మరి.

ఏడ్చా. వీడియోలో మాత్రల మాట కత్తిరించింది నేనేనని కూడా చెప్పా. చెన్నమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు. నేను ఏడవడం అయ్యేదాకా ఉండి, కత్తరిచ్చింది యాడుందో సూపిచ్చు అంది. ఏడు నిమిషాల ఫైల్ నా ఫోన్‌లోనే ఉంది. చూపించా. షాపు సంగతి, బస్సు సంగతి, అన్నీ విన్నది. మాయమ్మ పొద్దున్నే రొట్టెతో పాటు అని రూప అనగానే చేయెత్తి ఆపమంది. మళ్ళీ పెట్టమంది. అట్లా నాలుగుసార్లు. కూతురు ఊరంతటి ముందర తన పేరెత్తింది ఆ ఒక్క చోటే. దాన్నే నేను తీసేసింది.

లేచేటప్పుడు అడిగింది. ఇంగా ఎంతమందివి కత్తరిచ్చినావప్పా?

మే 1, గురువారం

లాప్‌టాప్‌లో చూశా. రూపది కాక రెండేళ్ళలో స్వస్థత సాక్ష్యాలు ముప్పై ఒకటి. షుగరు, బీపీ, గుండె, టీబీ. పూర్తి ఫైళ్ళన్నీ ఒక్కొక్కటి విన్నా. పద్నాలుగింట్లో మందుల మాట ఉంది. పద్నాలుగూ తీసేశా. ఒకటైనా వదిలి ఉంటానేమో అని చూశా.

మే 4, ఆదివారం

చెప్పా.

బాప్తిస్మం ముందు పాట అయిపోగానే మైకు తీసుకున్నా. రూప పూర్తి వీడియో వేశా, తర్వాత మెసేజ్ చదివా, నా జవాబు చదివా. మందులు ఆపిన వాళ్ళెవరైనా ఉంటే ఈరోజే మొదలుపెట్టండి, డాక్టర్‌ని కలవండి అన్నా. ఒక్క ఆమేన్ రాలేదు. అయ్యగారు వచ్చి మైకు నా చేతిలో నుంచి మెల్లగా తీసుకున్నారు. బలహీన సహోదరుని కోసం ప్రార్థిద్దాం అన్నారు. నిజమే, బలహీనుణ్ణే.

చెన్నమ్మ తెల్లచీరలో తొట్టి దగ్గర నిలబడి అంతా విన్నది. నువ్వు నీళ్ళలోకి రావద్దప్పా అని నాతో ముందే చెప్పింది. అయ్యగారే దిగారు. మునిగి లేచాక హల్లెలూయ అనాలి. చెన్నమ్మ రూపా అని పిలిచింది. గట్టిగా, చేనిలో నుంచి ఇంటికి పిలిచినట్టు. అందరూ ఆమె హల్లెలూయ అంటుందేమోనని కాచుకున్నారు. ఆమె మెట్లెక్కి తడి చీరతోనే వెళ్ళిపోయింది.

మే 6, మంగళవారం

ఆరు నెలలు ప్రసంగానికి పుల్పిట్ ఎక్కొద్దన్నారు అయ్యగారు. లాప్‌టాప్ ఇచ్చేశా. సంఘాన్ని ఇరుగుపొరుగు ముందర నవ్వులపాలు చేసినావు, నాతో ఒక్కనితో చెప్పుంటే సరిపోయేది కదా అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయనని చెడ్డవాడు అనలేను. అంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ పద్నాలుగు మంది ఇళ్ళకు పోతానంటే, భారతి డ్యూటీ లేనప్పుడల్లా నా వెంట వస్తానంది. బీపీ మిషన్ సంచిలో పెట్టుకుంది.

మే 9, శుక్రవారం

పద్నాలుగు ఇళ్ళలో ఐదు అయ్యాయి. ఇద్దరు మందులు మానలేదు. ఇద్దరు మానేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఒకాయన తలుపు దగ్గర నుంచే, నీ విశ్వాసం పోతే పోయింది, నాది కూడా పెరకొద్దు పో అన్నాడు. నాది పోయిందో లేదో నాకు తెలియదు. ప్రార్థన చేయాలంటే భయమేస్తోంది, మానాలన్నా భయమేస్తోంది.

మే 14, బుధవారం

కలమల్ల పోయాం, పద్నాలుగులో ఇంకో ఇల్లు. గోవిందమ్మ, డెబ్బై ఏళ్ళు, షుగరు. ఎనిమిది నెలలుగా మాత్రల్లేవు. కాలి వేలికి పుండు. భారతి చూసి, ఈరోజే ఆసుపత్రికి పోవాలవ్వా అంది. వస్తానంది. ఆటో వచ్చేలోగా నేను ఆమె ఎదురుగా గోడకానుకొని కూర్చున్నా. ఆమె తల దువ్వుకుంది, కొంగు సర్దుకుంది, మంచం మీద నిటారుగా కూర్చొని నా జేబు వైపు చూసింది. ఇబ్బుడు వీడియో తీస్తావా నాయనా అని అడిగింది.

లేదవ్వా, నిన్ను చూసిపోదామని వచ్చినా అన్నా.