పోయినవాళ్ళకిచ్చిన మాట

అమ్మడూ, చేతిరాత మారిందని ఉలిక్కిపడకు, చెప్పేది మీ అమ్మే. నేను గట్టిగానే ఉన్నాను. పిట్ట పోయాక నీకిదే మొదటి కార్డు.

నిన్న నీ కూతురు పిట్ట చదివిన తత్వశాస్త్రం డిపార్టుమెంటుకి వెళ్ళాను. ఫెలోషిప్పు గెలిచినవాళ్ళ బోర్డు మీద దాని పేరు చెరిపేసి, రెండో స్థానంలో ఉన్న పిల్ల పేరు రాశారు. "పోయిన మనిషికి ఇవ్వడం రూల్సులో లేదమ్మా" అన్నాడు హెడ్డు. "నాకు చదువు రాదు బాబూ. మా మనవరాలు దేని మీద రాసి గెలిచిందో చెప్పు" అన్నాను. "పోయినవాళ్ళకిచ్చిన మాట నిలబెట్టుకోవాలా అక్కర్లేదా అని" అన్నాడు, తల దించుకుని. "నిలబెట్టుకోవాలనే కదా రాసింది! చదివి మెచ్చుకున్నారా, కాగితాలు తూకం వేసి ఇచ్చారా?" అన్నాను. ఆయన నా కళ్ళెదుటే దాని పేరు పైన మళ్ళీ రాయించాడు. ఫెలోషిప్పు డబ్బు రెండో పిల్లకే ఇమ్మన్నాను. ఏది పిట్ట పేరో చూపించమని తడిమాను. వేలికి రంగంటింది. ఇంకా కడుక్కోలేదు.

అల్లుడి దగ్గు తగ్గిందా? నువ్వు వేళకి తింటున్నావా? మీరు పట్టుకెళ్ళిన పిట్ట పెట్టె తాళం తియ్యవే తల్లీ. అందులో పిట్ట సగం రాసిన నోటుపుస్తకం ఉంది, పంపు. మిగతాది రెండో పిల్ల రాస్తానంది. ఇన్నాళ్ళూ నా కార్డులు పిట్ట రాసేది, ఇది ఈ పిల్ల రాస్తోంది. ఏడవకే, కార్డు తడుస్తుందంటే వినదు. అక్షరాలు చెదిరితే తిట్టకు.

మీ ఇద్దరూ చల్లగా ఉండాలి.

మీ అమ్మ