రిటర్న్ అని రాసిన డబ్బా

ఫిబ్రవరి 8, ఆదివారం

ఎట్టకేలకు నా జెన్ కారు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఊడింది. ఇంజన్లోంచి పొగ బయటికి పోయే నాలుగు గొట్టాల ఇనుప ముద్ద. బోల్టులు తుప్పు పట్టి నా ప్రాణం తీశాయి. లోపల వేలు పెడితే అంతా గరుకు, పోత పోసినప్పటి ఇసుక గుర్తులు. దాన్ని గ్రైండర్‌తో నున్నగా చెయ్యాలి, మూతులు కొంచెం వెడల్పు చెయ్యాలి. పొగ సాఫీగా పోతే బండికి ఊపు వస్తుంది.

ఇదంతా మా బొగ్గు గనుల వర్క్‌షాప్ ఫోర్‌మన్ భూపాల్ సార్ వల్ల. ట్రేడ్ టెస్ట్ పాసైన ఫిట్టర్‌ని, ఇంకా నన్ను స్టోర్ కిటికీలో కూర్చోబెట్టి స్పానర్లు ఇప్పిస్తున్నాడు. ఇంజన్ సెక్షన్ ఎప్పుడు సార్ అని అడిగితే, నీ కారు మానిఫోల్డ్ ఇంట్ల నువ్వే చేసి, ఇరవై రెండు తారీఖు ఆటోక్రాస్‌ల బండి ఆగకుంట తిప్పు, తెల్లారే తీసుకుంట అన్నాడు. మట్టి గ్రౌండులో కోన్ల మధ్య కార్లు తిప్పే పోటీ అది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సరే సార్ అన్నాను.

ఫిబ్రవరి 10

డ్యూటీ దిగి వచ్చి పెరట్లో కూర్చున్నాను. మూతి మీద అతుకులో వేసే గాస్కెట్ రేకు పెట్టి గీత గీసి, గీత దాకా అరగదీశాను. నాలుగు గొట్టాల్లో మొదటి పోర్టు అయిపోయింది. చెయ్యి పెడితే గాజు గ్లాసులో పెట్టినట్టుంది. నాకు నేనే ముద్దొచ్చాను.

ముక్కు చీదితే నల్లగా వచ్చింది. మా అత్తమ్మ సారవ్వ చూసి, ఏందే యమునా, నిన్ను గూడ బొగ్గు బాయిల దింపిన్రా అంది. మాస్క్ ఉందత్తమ్మా, ఉక్కపోస్తుందని తీశాను అంటే అరగంట తిట్టింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నాలుగో పోర్టు, ఆఖరిది. వంపు దగ్గర గ్రైండర్ జారింది.

జారలేదు. నేనే ఇంకొంచెం, ఇంకొంచెం అని నొక్కాను. బొంగురుగా ఉన్న శబ్దం ఉన్నట్టుండి సన్నబడింది. వేలితో తడిమితే అక్కడ గుంట. గోడ ఎంత మిగిలిందో, అసలు మిగిలిందో లేదో తెలియదు. పైకి ఏమీ కనబడదు. పాత సామాన్ల షాపులన్నీ తిరిగే ఉన్నాను, ఇంకో మానిఫోల్డ్ దొరకదు.

ఎవరికీ చెప్పలేదు. భూపాల్ సార్ ముఖమే కనబడుతోంది. ఈసారి నవ్వడు. అయ్యో అంటాడు. నవ్వితేనే నయం.

ఫిబ్రవరి 14

గ్రైండర్ ముట్టలేదు. తలనొప్పి అని అబద్ధం చెప్పాను.

ఫిబ్రవరి 16, సోమవారం, సాయంత్రం 6

మానిఫోల్డ్ పోయింది!

ఆన్‌లైన్‌లో తెప్పించిన గ్రైండర్ బిట్ల సెట్ సైజు తప్పు వచ్చింది. వెనక్కి తీసుకుపొమ్మని బుక్ చేశాను. అంతవరకు నా తప్పేమీ లేదు.

మా ఆయన ఉపేందర్ నైట్ షిఫ్టు చేసి వచ్చి, ఇల్లంతా ఇనుపకొట్టు చేసినవ్ అని నా సామానంతా డబ్బాల్లో సర్దాడు. టేపు వేశాడు. మార్కర్‌తో పేర్లు కూడా రాశాడు. ఆయనది బొగ్గు బాయిలో వెంటిలేషన్ పని. లోపలికి పోయే మంచి గాలి దారి వాళ్ళకు ఇంటేక్. బయటికొచ్చే పాడు గాలి దారి రిటర్న్. అందుకని ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద ఇంటేక్ అని, ఎగ్జాస్ట్ డబ్బా మీద రిటర్న్ అని రాసి పడుకున్నాడు.

కొరియర్ కొమురెల్లి వచ్చి, అవ్వా, రిటర్న్ ఉన్నదట గద అన్నాడు. ఈ డబ్బాలల్ల ఏదో నువ్వే చూసుకో బిడ్డా అంది అత్తమ్మ. కొమురెల్లి రిటర్న్ అని చదివాడు. ఎత్తుకుపోయాడు.

నేను వచ్చి అరిచిన అరుపుకు పక్క క్వార్టర్ల వాళ్ళు బయటికొచ్చారు. ఉపేందర్ లేచి కూర్చుని, ఎగ్జాస్ట్ అంటె రిటర్నే గదనే, ఇంకేమంటరు అని నన్నే అడిగాడు. కొమురెల్లికి ఫోన్ చేస్తే డబ్బాలు బండెక్కి పోయినయ్ అన్నాడు. అత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు హాయిగా ఉంది. పోయినదాన్ని ఎవరూ తడిమి చూడరు.

ఫిబ్రవరి 17

వర్క్‌షాప్‌లో అందరికీ తెలిసిపోయింది. భూపాల్ సార్ వచ్చి, వచ్చే ఏడు చూద్దాం తియ్ చెల్లె అన్నాడు. తలూపాను. కడుపునిండా తిన్నాను. తిన్నాక కిటికీ దగ్గర కూర్చుంటే వచ్చే ఏడు అన్న మాట గుర్తొచ్చింది. ఇంకో ఏడు ఈ కిటికీలోనే.

ఫిబ్రవరి 19, గురువారం

కొమురెల్లి డబ్బా తెచ్చిచ్చాడు. కొరియర్ వాళ్ళ హబ్ గోడౌన్‌లో తూకం తేడా వచ్చి ఆపేశారట. గింత బరువు బిట్లు ఏడ ఉంటయ్ అవ్వా, నా నడుం పోయింది అన్నాడు. అత్తమ్మ కూర్చోబెట్టి ఛాయ్ పోసి, సర్వపిండి పెట్టింది. అందరూ సంబరంగా నా ముఖంలోకి చూస్తున్నారు. నేను భోరుమన్నాను.

సంతోషమనుకున్నారు. ఉపేందర్ మాత్రం పెరట్లోకి తీసుకెళ్ళి ఏమైందే అని అడిగాడు. చెప్పేశాను. గుంట సంగతి, తలనొప్పి అబద్ధం, పోయిందంటే హాయిగా ఉండటం కూడా. తిడతాడనుకున్నాను. లీకేజీ అని అనుమానముంటె చూడాలె గని, దాస్తె ఆగుతదా అన్నాడు. గాలి ఎక్కడ కారుతోందో వెతకడమే ఆయన ఉద్యోగం మరి. చెప్పాక నెత్తి మీద మూట దించినట్టయింది.

వర్క్‌షాప్‌లో పగుళ్ళు కనిపెట్టే పద్ధతిలోనే బయట సుద్ద పూసి, లోపల డీజిల్ పోసి కూర్చున్నాం. కాసేపటికి వంపు దగ్గర తెల్లటి సుద్ద మీద జొన్నగింజంత తడి మచ్చ. చిల్లే.

చిల్లు చూసి ఇంత సంతోషపడిన మనిషి గోదావరిఖని మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎక్కడుందో తెలిసింది. ఇక నిద్రపోవచ్చు.

ఫిబ్రవరి 20

పొద్దున్నే గేటు దగ్గర భూపాల్ సార్‌ని ఆపి, సంచిలోంచి తీసి మచ్చ చూపించాను. ఇక్కడ నేనే తొలిచాను సార్ అన్నాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. సుద్ద ఎవరు పూసిన్రు అన్నాడు. నేనే అన్నాను. మిగిలిన మూడు మంచిగ చేసినవ్, దీన్ని చౌరస్తల వెల్డింగ్‌కియ్యి, చల్లారేటప్పుడు జల్ది చెయ్యకు, మళ్ళ పగుల్తది అన్నాడు. మాట ఉన్నట్టేనా సార్ అంటే, బండి ఆగొద్దన్న, అంతే గద అన్నాడు. అయ్యో అనలేదు.

మా ఇంట్లో నీళ్ళు కాగేది ఇప్పటికీ బొగ్గు పొయ్యి మీదే. అత్తమ్మ వేడి బూడిద బకెట్‌లో నింపుకుని నాతో పాటు ఆటో ఎక్కింది. వెల్డింగ్ అయిన మానిఫోల్డ్‌ని బూడిదలో పూడ్చి ఇంటికి తెచ్చి, తెల్లారేదాక దీన్ని ముట్టినోళ్ళ చెయ్యి ఇరుగుతది అంది. నన్ను చూసే అంది.

ఫిబ్రవరి 21

బిగించాను. స్టార్ట్ చేశాను. టప్ టప్ అని లీకేజీ చప్పుడు వస్తుందేమోనని ముగ్గురం బానెట్ మీద చెవులు పెట్టి విన్నాం. రాలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చివరి నుంచి మూడోదాన్ని. ఆగలేదు. ఒక్క కోన్ గుద్దాను, అయినా ఆగలేదు. దిగి అక్కడే మట్టిలో కూర్చున్నాను. ఉపేందర్ నీళ్ళ సీసా ఇచ్చి, చివరి నుంచి మొదటామెవి కాదు, గదే నయం అన్నాడు. ఒళ్ళంతా మట్టి. ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

ఫిబ్రవరి 23

ఇంజన్ సెక్షన్. మొదటి పని, బొగ్గు మోసే డంపర్ లారీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. విప్పి చూస్తే చిల్లు.

అందరూ నా వైపు చూశారు. నేను కాదు అన్నాను.