మొదటి కప్పులో ఇనుము

జూన్ 4
కొండ తోట టీలో ఇవాళ కూడా ఇనుము. తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంది. టీ రుచులు చెప్పే ఉద్యోగం కదా, రిమార్కుల్లో ‘మెటాలిక్’ అని రాశాను. ఆకులోంచి వస్తోందా, మెషీన్లోంచా? ఇలా బుర్ర తొలిచే ప్రశ్న దొరికి చాలా కాలమైంది. లోపల్లోపల సంతోషంగానే ఉంది.

మేనేజర్ నెలాఖరు దాకా చూస్తానన్నాడు. అప్పటికీ ఇదే రుచైతే మా కంపెనీ కలిపే బ్లెండులోంచి ఆ తోటను తీసేస్తాడట. వాళ్ళ టీ కొనేది మేమొక్కళ్ళమే. మేం మానేస్తే వాళ్ళ ఫ్యాక్టరీ మూతపడుతుంది.

జూన్ 7
ఆ ఫ్యాక్టరీలో టీ తయారుచేసే పెద్దాయన ఫోన్ చేశాడు. అమ్మా, మీరు ఇనుమన్నారని ఆకు నలిపే రోలర్లన్నీ విప్పించి కడిగించాను, జల్లెడలు మార్పించాను, తుప్పు మచ్చ కూడా కనపడలేదు, ఇంకెక్కడ చూడమంటారు అని అడిగాడు. ఆకు ఆరబెట్టే చోట పైపులు చూడమన్నాను. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

జూన్ 11, ఉదయం
మా కెటిల్ మార్పించాను. చెంచా మార్చాను. నీళ్ళు బయటినుంచి తెప్పించాను. అయినా ఇనుమే. అన్నీ మౌనస్వామే తెచ్చిపెట్టాడు, ఎందుకని అడగలేదు. నాతోపాటు టేస్టింగ్ చేసే అతనికి నేను పెట్టిన పేరది. అతనికి మాత్రం ఏ ఇనుమూ తగల్లేదట. నీ నాలుక మొద్దుబారిందయ్యా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

జూన్ 12
పెద్దాయన పైపులు కూడా కొత్తవి వేయించాడట.

జూన్ 15
విచిత్రం. పలుచని టీలు ముందు, చిక్కనివి తర్వాత పెట్టడం మా పద్ధతి. కొండ తోటది అన్నిటికన్నా పలుచన కాబట్టి మొదటి కప్పు ఎప్పుడూ దానిదే. ఇవాళ కావాలని వరస తిప్పించాను. చెంచాతో జుర్రుమని పీల్చాను (మా పనిలో ఎంత చప్పుడు చేస్తే అంత మర్యాద). అన్నిటికన్నా చిక్కని టీలో ఇనుము! చిట్టచివర ఉన్న కొండ తోటలో ఏమీ లేదు.

అంటే తప్పు తోటది కాదు. మొదట ఏ కప్పు పెడితే దానిది. ఎందుకు?

జూన్ 16, పదింటికి
మొదటి కప్పులో ఉత్త వేడినీళ్ళు పోయించాను. పీల్చాను. ఇనుము. రుచి చూసిన టీ మేం ఉమ్మే డబ్బా నల్లది. ఈసారి తెల్ల కప్పులో ఉమ్మి చూశాను. గులాబీ రంగు. ఇనుము నా చిగుళ్ళ నెత్తురుది; మొదటి కప్పుతోనే కడుక్కుపోతోంది కాబట్టి తర్వాతి వాటికి అంటలేదు.

మౌనస్వామి అప్పుడు నోరు విప్పాడు. చెంచా అంచున ఎరుపు తను ఎప్పుడో చూశాడట. పెద్దవారు, మీకు తెలిసే ఉంటుందనుకున్నానన్నాడు.

అదే రోజు, సాయంత్రం
నా నోరు వాసన వస్తోందా అని మావారిని అడిగాను. ఏడాదిగా వస్తోందన్నారు. మరి చెప్పరేం అంటే, నీ నాలుకకి తెలియంది నాకేం తెలుస్తుందిలే అని ఊరుకున్నారట. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

జూన్ 18
పళ్ళ డాక్టరమ్మ సన్నటి పుల్లలాంటి దాన్ని ప్రతి పంటి పక్కనా దించి, రెండు, మూడు, అయిదు, ఆరు అంటూ చదివింది. నర్సు రాసుకుంది. నేను టీలకు మార్కులు వేసినట్టే. ఆరు మంచిదేనా అని ఆశగా అడిగాను. కాదట. చిగురు పంటిని వదిలేసిన లోతట అది.

రోజూ ఎలా తోముకుంటారంది. పేస్టు ఘాటు మధ్యాహ్నం దాకా నోట్లోంచి పోదు, టీ రుచి తెలియదు. అందుకని ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ పొద్దున్నే పుక్కిలించి నాలుక గీసుకోవడం, పడుకునేముందు బ్రష్ ఆడించీ ఆడించనట్టు ఆడించడం. నెత్తురు కనపడిన చోట తాకడమే మానేసేదాన్ని, అదే మానుతుందిలే అని. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, నాలుకని మాత్రం అద్దంలా ఉంచుకున్నారంది. నెత్తురొచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో, వదలకుండా తోమాలట. అక్కడే పాచి గారకట్టి కూర్చుందట. ఘాటు లేని పేస్టు కూడా దొరుకుతుందట! ఇన్నేళ్ళలో ఒక్కరినైనా అడగలేదు నేను.

జూన్ 20
మేనేజర్‌కి చెప్పాను. నమ్మలేదు. తోటవాళ్ళ మీద జాలిపడుతున్నారు, మీ నాలుక తప్పు చెప్పదు అన్నాడు. తెల్ల కప్పు తెచ్చి అతని ముందే పుక్కిలించి ఉమ్మాను. మొహం తిప్పుకున్నాడు.

తోటను తీసేసే సంగతి ఆపాడు. నన్నూ టేస్టింగ్ నుంచి ఆపాడు. నోరు బాగయ్యాక పేర్లు లేకుండా కప్పులు పెడతారట. అప్పుడూ నేను ఇనుమంటే తోట పోతుంది. నోరే బాగవకపోతే నేను పోతాను. టీ తప్ప నాకు వేరే పని రాదు. భయంగా ఉంది.

జూన్ 21
పెద్దాయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నొప్పిగా ఉందా అమ్మా అని అడిగాడు.

జూన్ 24
స్కేలింగ్. బండలు కొట్టే చోట పడుకున్నట్టుంది. ఊడొచ్చిన గార ముక్క చూపించమన్నాను. ఇలా అడిగినవాళ్ళు లేరంది డాక్టరమ్మ. పసుపుపచ్చగా ఇసుక రేణువంత ఉంది. ఇంతదా నన్ను ఇన్నాళ్ళూ ఆడించింది?

జూన్ 29
పళ్ళ సందుల్లో ఆడించే దారం వేళ్ళకి చుట్టుకుపోయింది. గాలిపటం ఎగరేస్తున్నావా అన్నారు మావారు. ఆయనకీ ఓ ముక్క ఇచ్చాను. ఆయన దారం కూడా ఎర్రబడింది. వెంటనే డాక్టరమ్మ నంబరు అడిగారు.

జూలై 9
దారం తెల్లగా వచ్చింది. మావారిని పిలిచి చూపించాను.

జూలై 17
మళ్ళీ అంకెలు. రెండు, మూడు, మూడు. ఒక్కచోట నాలుగు. దాన్ని కనిపెట్టి ఉండాలట. బాగైందని మళ్ళీ పాత దారి పడితే మళ్ళీ వస్తుందని గట్టిగానే చెప్పింది.

జూలై 20
పేర్లు లేని కప్పులు. దేంట్లోనూ ఇనుము లేదు. నాలుగోది కొండ తోటదట. గొప్ప టీ కాదు, శుభ్రమైన టీ. ఉంచమని రాశాను.

కానీ మొదటి కప్పులో ఏదో లేనట్టే ఉంది. మళ్ళీ పీల్చి చూశాను. లేనిది నేనే, నా నెత్తురే.