గుమ్మం దిగితే ప్రశ్నలు

రాయకోట, ఆదివారం రాత్రి.

మేడమీది ఇల్లు సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టాక ఇంత పట్టింపున్న మనిషి రావడం ఇదే మొదలు. చీరాల పెద్దావిడ. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు నిన్న దింపిపోయాడు. కారు అక్కర్లేదు, కోట, బజారు, స్టేషను అన్నీ నడిచే దూరమేనని నేనే గొప్పగా చెప్పాను.

పొద్దున ఆవిడ గుమ్మం దిగగానే పూలమ్మే మునెమ్మ పలకరించింది. "యాడికమ్మా పోతా ఉండారు?"

అంతే, ఆవిడ గిరుక్కున వెనక్కి వచ్చి, కూర్చుని నీళ్లు తాగింది. బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడిగితే పని చెడుతుందట! రెండోసారి టీకొట్టాయన అడిగాడు. మళ్లీ నీళ్లు.

"మా ఊళ్లో గుమ్మం దిగితే సముద్రం. ఇక్కడ గుమ్మం దిగితే ప్రశ్నలు," అంది.

ఇలాగైతే మా ఇంటి గురించి నలుగురికీ మంచిమాట చెబుతుందా? కానీ మా వీధి సంగతి నాకు తెలీదా! మూడోసారి నేనే ముందు నడిచి, ఎవరూ నోరు తెరవకముందే "కోటకి పోతా ఉండామప్పా!" అని కేకేసుకుంటూ తీసుకెళ్లాను.

సాయంత్రం పాలకు బయలుదేరితే, మెట్ల మీద కూర్చున్న ఆవిడ "యాడికమ్మా?" అంది, అచ్చం మునెమ్మలాగే. వెంటనే నాలుక కరుచుకుంది.

నేను వెనక్కి వచ్చి, పక్కనే కూర్చుని, ఆవిడ చేతే నీళ్లు తెప్పించుకుని తాగి మరీ వెళ్లాను.